వీలునామాలో పేరున్న చిన్నబాపు 1996 తర్వాత జాడ లేడు. ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) వేయాలి, ఎక్కడ వెతకాలి?

చిక్కడపల్లి_బిడ్డ · మార్చి 4, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. విషయం కాస్త పొడుగు, ఓపికతో చదవండి.

మా పెద్దబాపు పోయిన నవంబర్‌లో కాలం చేశారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చిక్కడపల్లిలో రెండు గదుల ఫ్లాటు, బ్యాంకులో కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి. పిల్లలు లేరు, పెద్దమ్మ 2014లోనే పోయింది. 2016లో వీలునామా రాసి రిజిస్టర్ చేయించి, అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా నా పేరు పెట్టారు. ఆస్తి నాలుగు వాటాలు. మా బాపు 2011లో పోయారు కాబట్టి నాకొకటి, మా తమ్ముడికొకటి. మేనత్తకు ఒకటి. నాలుగోది "నా చిన్న తమ్మునికి, అతడు లేనిచో అతని సంతానమునకు" అని ఉంది.

ఆ నాలుగో వాటా దగ్గరే ఆగిపోయాను. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) అమ్మే విషయంలో అన్నదమ్ములకు మాటామాటా పెరిగి చిన్నబాపు 1991లో ఇల్లు విడిచి మహారాష్ట్రలోని భీవండి పోయారు. 1996లో ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. అంతే. పెళ్లి అయిందో లేదో, ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు.

ఇంట్లో కొందరు "ముప్పై ఏండ్ల నుంచి రానోడి కోసం ఎందుకు తిప్పలు, ముగ్గురమే ఉన్నమని రాసెయ్" అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. ప్రతి దసరాకు జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతుంటే పెద్దబాపు "చిన్నోడు ఏడున్నడో" అనేవారు. ఆ మాట విన్నదాన్ని నేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

వారాసిగూడ_వాసి · మార్చి 4, రాత్రి 10:35

అక్కా, బాధ అర్థమైంది. కానీ హైదరాబాద్‌లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు కదా. రిజిస్టర్డ్ వీలునామా ఉంది, డెత్ సర్టిఫికెట్ ఉంది. పేపర్లో ఒక ప్రకటన ఇచ్చి, అభ్యంతరం రాకపోతే ముగ్గురూ పంచుకోండి. మా ఇంట్లో అట్లనే అయింది.

సివిల్_కోర్టు_వకీలు · మార్చి 5, ఉదయం 7:20

పైన చెప్పింది సగమే నిజం. రెండో సగం వదిలేస్తే ఈ అమ్మాయి నష్టపోతుంది, అందుకే వివరంగా రాస్తున్నా.

ప్రొబేట్ నిబంధన మొదటి నుంచీ ముంబై, చెన్నై, కోల్‌కతా హైకోర్టుల పాత పరిధుల కోసం పెట్టింది. మన దగ్గర తప్పనిసరి కాదన్న మాట కరెక్టే. కానీ వీలునామాలో ఒకరు కనిపించకుండా ఉన్నప్పుడు, ఫ్లాటు కొనేవాళ్ల లాయరు, వాళ్లకు లోను ఇచ్చే బ్యాంకు ఆ ఖాళీని చూసి ఆగిపోతారు. అలాంటప్పుడు కోర్టు ముద్ర ఉంటేనే మేలు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో, 1925 నాటి భారత వారసత్వ చట్టం 276వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటర్ పిటిషన్ వేయాలి. సుప్రీంకోర్టు 2008లో దీనికి మూడేళ్ల గడువు వర్తిస్తుందని చెప్పింది, కాబట్టి సాగదీయకండి. పిటిషన్‌లో దగ్గరి బంధువులందర్నీ చిరునామాలతో చూపించడం ఇక్కడి ఆనవాయితీ. 283 కింద కోర్టు సైటేషన్ ఇస్తుంది. అంటే ఆస్తిలో ఆసక్తి ఉన్నవాళ్లు వచ్చి చూసుకోండి అనే పిలుపు. దాన్ని కోర్టులోనూ, కలెక్టర్ ఆఫీసులోనూ అంటిస్తారు.

పిలవాల్సిన మనిషిని పిలవకుండా ప్రొబేట్ తెచ్చుకుంటే, 263 కింద దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు ఆ మనిషికి ఉంటుంది. చట్టం ఇచ్చిన ఉదాహరణల్లోనే అది ఉంది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మీ పెద్దబాపుకు భార్యాపిల్లలు లేరు, తల్లిదండ్రులు కూడా లేరనుకుంటా. వీలునామా పక్కకు పోయిందనుకోండి, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం రెండో తరగతి వారసుల దగ్గరికి వెళ్తుంది. అందులో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రెండో వరుసలో ఉన్నారు. అన్నదమ్ముల పిల్లలు నాలుగో వరుసలో. ముందు వరుసలో ఒక్కరు బతికున్నా వెనక వరుసకు పైసా రాదు. అంటే మీ చిన్నబాపు బతికుంటే మొత్తం ఆయనకూ మీ మేనత్తకూ పోతుంది. మీకు, మీ తమ్ముడికి ఏమీ ఉండదు. మీ వాటాను నిలబెట్టేది ఆ వీలునామా ఒక్కటే. ఆయన్ని దాచిపెట్టి దాన్ని బలహీనం చేసుకుంటారా?

"ముగ్గురమే ఉన్నాం" అని ప్రమాణపత్రంలో రాయడం అబద్ధపు సాక్ష్యం. అది క్రిమినల్ కేసు.

చిక్కడపల్లి_బిడ్డ · మార్చి 5, ఉదయం 8:05

సార్, ఈ వరుసల సంగతి నాకు అసలు తెలియదు. పొద్దున్నే మా తమ్ముడికి చదివి వినిపించాను, వాడు చాయ్ తాగడం ఆపేశాడు. అవును, తాత, నానమ్మ ఎప్పుడో పోయారు.

పేపర్ ప్రకటన సరిపోదా మరి?

సివిల్_కోర్టు_వకీలు · మార్చి 5, ఉదయం 8:40

ప్రకటన ఆఖరి మెట్టు. మామూలు మార్గంలో నోటీసు అందించడం కుదరదని జడ్జిగారికి నమ్మకం కలిగాకే సివిల్ ప్రొసీజర్ కోడ్ అయిదో ఆర్డర్ ఇరవయ్యో రూలు కింద అనుమతిస్తారు. ఆ నమ్మకం ఎట్లా వస్తుంది? మీరు ఎక్కడెక్కడ వెతికారో కాగితాలతో చూపిస్తే వస్తుంది. పైగా ఆ మనిషి చివరిసారి నివసించిన చోట చదివే దినపత్రికలో వేయాలని రూలే చెబుతోంది. భీవండిలో ఉన్న మనిషికి హైదరాబాద్ ఎడిషన్‌లో ప్రకటన ఇస్తే ఏం లాభం?

ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన ఎవరికి ఫోన్ చేశారు, ఏమన్నారు, ఏ ఉత్తరం వెనక్కి వచ్చింది, అన్నీ రాయండి. వెనక్కి వచ్చిన కవర్లు పారేయకండి, అవే సాక్ష్యం.

జగిత్యాల_అన్న · మార్చి 5, మధ్యాహ్నం 1:15

చెల్లే, మా అన్న గల్ఫ్‌కు పోయి తొమ్మిదేండ్లు పత్తా లేకుండా ఉండె. అందుకే రాస్తున్న. ఏడేండ్లు కనబడకపోతే చనిపోయినట్టే అని అందరూ చెప్తరు. ఊరికే లెక్కలోకి రాదు అది. వినాల్సినవాళ్లు, అంటే అమ్మ, భార్య, పిల్లలు, ఏడేండ్లుగా ఏ కబురూ వినలేదని రుజువు చేయాలె. మేము మొదట్ల పోలీస్ కంప్లైంట్ ఇయ్యలే, అదే పెద్ద తప్పయింది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల పెట్టినం, ఎంబసీకి రాసినం. సివిల్ కోర్టుల, చనిపోయినట్టు ప్రకటించమని డిక్లరేషన్ సూట్ వేసినంక గానీ ఏ ఆఫీసూ వినలే.

మా అమ్మ మాత్రం ఆ తీర్పు కాగితం మీద ఇప్పటికీ చెయ్యి పెట్టదు. మీకు ఆ గతి రావొద్దు. ముందు వెతకండి.

సివిల్_కోర్టు_వకీలు · మార్చి 5, రాత్రి 9:10

జగిత్యాల అన్న చెప్పిన ఏడేళ్ల నియమం పాత సాక్ష్య చట్టంలో 108. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. ఒక మెలిక ఉంది. చనిపోయాడని ఊహిస్తుంది గానీ ఏ రోజున చనిపోయాడో ఊహించదు. 2004లో ఒక జీవిత బీమా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. తేదీ మీద హక్కు నిలబడి ఉంటే దాన్ని చెప్పుకునేవాళ్లే రుజువు చేసుకోవాలి.

మీ వీలునామాలో "అతడు లేనిచో అతని సంతానమునకు" అన్న మాట బంగారం. వీలునామా రాసినాయన కంటే లబ్ధిదారు ముందే పోతే ఆ వాటా రద్దవుతుందని భారత వారసత్వ చట్టం 105వ సెక్షన్. సొంత బిడ్డలకు ఇచ్చిన దానికైతే 109లో మినహాయింపు ఉంది, తమ్ముడికి లేదు. రాయించిన వారెవరో గానీ ముందుచూపున్న మనిషి. కాబట్టి మీరు ఒక మనిషిని కాదు, ఒక కుటుంబాన్ని వెతుకుతున్నారు.

పాత_కాగితాలు · మార్చి 6, ఉదయం 6:30

స్కూల్లో గుమాస్తాగా ముప్పై మూడేళ్లు చేశాను. రికార్డులంటే నాకు ప్రాణం. అమ్మా, కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఇంట్లో ఇనప్పెట్టె తెరవండి.

పాత శుభలేఖలు చూడండి. మన శుభలేఖలో పెళ్లికూతురు తాత నుంచి మేనమామల దాకా పేర్లు, ఊర్లు అచ్చవుతాయి. వంశవృక్షం ఎవరూ రాసుకోరు గానీ పెళ్లికి ఐదొందల కాపీలు అచ్చు వేసి పంచుతారు. పెద్దకర్మ కార్డుల్లోనూ అంతే, "దుఃఖతప్తులు" అని కింద వరసగా పేర్లుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం చదివింపుల పుస్తకం. ఎంత గొడవపడి పోయిన మనిషైనా ఇంటి ఆడబిడ్డ పెళ్లంటే ఎవరి చేతనైనా నూటపదహార్లు పంపిస్తాడు. మీ ఇంట్లో 1991 తర్వాత జరిగిన ప్రతి పెళ్లి పుస్తకం తీయండి. ఊరి పేరు, తెచ్చినవారి పేరు చూడండి.

తర్వాత సిరిసిల్లలో ఆయన చదివిన బడి. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ, తండ్రి పేరు దొరుకుతాయి. రేపు ఎవరినైనా కనుక్కుంటే ఇద్దరూ ఒకటే అని కోర్టుకు చూపించడానికి అది పనికొస్తుంది. మీ పెద్దబాపు రైల్వే సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలేమైనా ఉన్నాయేమో కూడా అడగండి.

మన పల్లెల్లో కొన్ని కులాలకు గోత్రాలు, ఇంటిపేర్లు పాటగా చెప్పే పిచ్చకుంట్ల వారు ఉండేవారు. ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. కాపుల ఇండ్లలో ఏడు తరాలు నోటికి చెప్పేవారిని నా చిన్నప్పుడు విన్నాను. ఆ విద్య పోతోంది. అది తలుచుకుంటే గుండె పిండేసినట్టుంటుంది.

మల్లేపల్లి_మనవడు · మార్చి 6, ఉదయం 11:45

మా వైపు సంగతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా నానా చెల్లెలు 1950ల్లో కరాచీ వెళ్లిపోయారు. షరియత్‌లో ఎవరి వాటా వాళ్లకు లెక్క కట్టే ఉంటుంది, మనిషి కనబడలేదని తీసేయడానికి లేదు, పక్కన పెట్టాలని మా పెద్దలు చెప్తారు. మాకు దారి చూపించింది ఖాజీ దగ్గరి సియాహా, అంటే నిఖాలు రాసే రిజిస్టర్. పాత నిఖా అందులో దొరికింది, దాని మీద వక్ఫ్ బోర్డు నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాం. తాత కాలం నాటి జాగీరు కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాం. ఉర్దూ, ఫార్సీ చదవగలిగేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఆస్తి ఏమేం ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి అక్కా. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు ఫండ్‌కు వెళ్లిపోతాయి, అయినా హక్కు పోదు. 2023 ఆగస్టులో తెరిచిన ఉద్గమ్ పోర్టల్‌లో పెద్దాయన పేరు, పాన్ నంబరుతో వెతకండి. షేర్ల మీద డివిడెండ్ ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్తాయి, ఐదో నంబరు ఫారంతో వెనక్కి అడగొచ్చు.

తార్నాక_టీచర్ · మార్చి 6, సాయంత్రం 6:20

ఒక హెచ్చరిక. మా బాబాయి పిల్లల్ని వెతకాలని తిరుగుతుంటే ఒకాయన తగిలాడు. ఆధార్ నంబరు మీద మనిషిని పట్టేస్తాం, వాటాలో ఇరవై శాతం ఇవ్వండి, ముందు నలభై వేలు అన్నాడు. ఇచ్చాం. మూడు నెలల తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆధార్ వివరాలు అలా బయటకు రావు. హైకోర్టు జడ్జి స్థాయికి తగ్గని ఉత్తర్వు ఉంటేనే ఇస్తారు, అదీ వేలిముద్రలు కాకుండా. ఎవరైనా "మా దగ్గర మనిషున్నాడు" అంటే దండం పెట్టి వచ్చేయండి. మా అమ్మ గాజులు కుదువపెట్టిన డబ్బు అది.

లెస్టర్_తెలుగు · మార్చి 6, రాత్రి 11:55

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. మా మామగారి ఎస్టేట్‌కు నేనే ఎగ్జిక్యూటర్‌ని. ఇక్కడ 1925 ట్రస్టీ చట్టం 27వ సెక్షన్ కింద గెజిట్‌లో, స్థానిక పత్రికలో నోటీసు ఇచ్చి కనీసం రెండు నెలలు ఆగుతారు. అప్పుడు తెలియని అప్పులవాళ్లు తర్వాత వచ్చినా ఎగ్జిక్యూటర్ సొంత జేబులోంచి కట్టక్కర్లేదు. కానీ పేరు తెలిసిన లబ్ధిదారు కనబడనప్పుడు ఆ నోటీసు కాపాడదు. వెతికి వెతికి దొరక్కపోతే కోర్టుకు వెళ్లి, ఆయన చనిపోయాడనుకుని పంచడానికి అనుమతి తెచ్చుకుంటారు. 1902 నాటి ఒక కేసు పేరు మీద దాన్ని బెంజమిన్ ఆర్డర్ అంటారు. లేదంటే ఆ వాటాను కోర్టులో కట్టేయొచ్చు, లేదా తప్పిపోయిన వారసుడు తిరిగొస్తే చెల్లించే బీమా తీసుకోవచ్చు.

మన దగ్గర అలాంటి బీమా ఉందా వకీలు గారూ?

సివిల్_కోర్టు_వకీలు · మార్చి 7, ఉదయం 7:05

అలాంటి పాలసీ ఇచ్చినవాళ్లను నా ప్రాక్టీసులో చూడలేదు. ఇక్కడ ఆ వాటాను విడిగా జాతీయ బ్యాంకులో ఎఫ్‌డీగా ఉంచమని కోర్టును కోరుతాం. నేను వేసిన రెండు కేసుల్లో అలాగే చేశాం. ఒకదాంట్లో ఆరేళ్లకు మనిషి తిరిగొచ్చాడు, డబ్బు వడ్డీతో సహా ఉంది.

చిక్కడపల్లి_బిడ్డ · మార్చి 15, రాత్రి 8:30

పాత కాగితాలు గారూ, మీ కాళ్లకు దండం.

ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. అత్తమ్మ (మా మేనత్త) దగ్గర పెద్ద బావ పెళ్లి పుస్తకం, రెండో బిడ్డ పెళ్లి పుస్తకం రెండూ ఉన్నాయి. పసుపు అంటిన ఎర్ర అట్ట. రెండో దాంట్లో, 1999 మే, పద్దెనిమిదో పేజీలో మా ఇంటిపేరు, పక్కన "షోలాపూర్, 116". తెచ్చినవారు అని ఒక పేరు. అత్తమ్మ ఆ పేజీని ఇరవై ఆరేండ్లలో ఎప్పుడూ చూడలేదట. ఆ రోజు పుస్తకం రాసింది మా బాపే. చేతిరాత చూసి నేను కూడా మాట్లాడలేకపోయాను. తమ్ముడి పేరు రాసి ఎవరికీ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

తెచ్చినాయన ఇప్పటికీ బీవైనగర్‌లో ఉన్నారు, ఎనభై దాటింది. భీవండిలో సాంచాలు మూతపడితే చిన్నబాపు షోలాపూర్‌కు మారి చద్దర్ల కార్ఖానాలో చేరారట. అక్కడ తూర్పు వైపు పేటలన్నీ మనవాళ్లే, పద్మశాలీలే. మార్కండేయ గుడి దగ్గర అడగమన్నారు.

తమ్ముడు, నేను బుధవారం వెళ్లాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఇల్లు దొరికింది. చిన్నబాపు 2009లో పోయారు. ఒక్క బిడ్డ. ముప్పై రెండేండ్లు. బీడీలు చేస్తోంది, మా నానమ్మ చేసినట్టే, చాట ఒళ్లో పెట్టుకుని. తెలుగు మాట్లాడుతుంది గానీ మరాఠీ యాస. మేం ఎవరమో చెబితే లోపలికి వెళ్లి ఒక ఫోటో తెచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు, మధ్యలో మా పెద్దబాపు. మా ఇంట్లో ఉన్న ఫోటోనే.

జగిత్యాల_అన్న · మార్చి 15, రాత్రి 8:52

చదువుకుంట ఏడ్చిన చెల్లే.

సివిల్_కోర్టు_వకీలు · మార్చి 15, రాత్రి 10:15

అమ్మా, చాలా సంతోషం. ఇప్పుడు జాగ్రత్తగా వినండి.

షోలాపూర్ మున్సిపల్ కార్పొరేషన్ నుంచి చిన్నబాపు మరణ ధ్రువీకరణ పత్రం తీయించండి. ఆ అమ్మాయి స్కూలు వదిలిన దాఖలా తెప్పించండి. మహారాష్ట్రలో పేరు మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు, కాబట్టి తండ్రీబిడ్డల సంబంధం అక్కడే రుజువవుతుంది. సిరిసిల్ల బడి రిజిస్టర్ నకలు, ఫోటో, చదివింపుల పుస్తకంలో ఆ పేజీ, తెచ్చినాయన ప్రమాణపత్రం జత చేయండి. ఆయనకు ఎనభై దాటింది అన్నారు, ఈ వారమే సంతకం తీసుకోండి. చిన్నమ్మ బతికి ఉన్నారా, ఇంకెవరైనా సంతానం ఉన్నారా కూడా రాయించండి. మీ ఇంటిపేరు తెలుగులో ఒకరకం, మరాఠీలో ఒకరకం రాసి ఉంటే రెండూ ఒకటే అని ఆమెతో ప్రమాణపత్రం చేయించాలి.

ఇంకోటి మనసులో పెట్టుకోండి. ఫ్లాటు విలువ చెప్పకుండా ఆ అమ్మాయి చేత హక్కు విడుదల పత్రం రాయించుకోమని మీ వాళ్లు ఎవరైనా సలహా ఇస్తారు. అస్సలు చేయకండి. వీలునామా నకలు చేతికివ్వండి, కావాలంటే సొంత వకీలును పెట్టుకోమనండి. ప్రొబేట్ వచ్చాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. ఆ బాధ్యత మీదే.

మీ అత్తమ్మ గురించి ఒక మాట. చిన్నబాపు లేరని తేలింది కాబట్టి, వీలునామా లేకపోతే ఇవాళ మొత్తం ఆస్తి ఆవిడ ఒక్కరికే వచ్చేది. ఆ పుస్తకం తీసి మీ చేతిలో పెట్టింది ఆవిడే.

చిక్కడపల్లి_బిడ్డ · మార్చి 16, ఉదయం 6:45

సార్, ఆ సంగతి నిన్న రాత్రే అత్తమ్మకు ఫోన్లో చెప్పాను, తెలియకుండా ఉండకూడదని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పోరి వస్తే ముందు మా ఇంటికి తోలుకరా, ఒడిబియ్యం పొయ్యాలె" అన్నది.

చిన్నమ్మ కరోనాలో పోయిందట. వేరే సంతానం లేరు. చెల్లి పెళ్లి 2013లో అయింది, భర్త అక్కడే మగ్గం పని. విలువ ఎంతో, వాటా ఎంతో కాగితం మీద రాసిచ్చి వచ్చాను, వీలునామా జిరాక్స్ కూడా.

వారాసిగూడ_వాసి · మార్చి 16, ఉదయం 9:30

అక్కా, మొదట్లో నేను రాసిన సలహా వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంట్లో అట్లా పంచుకున్నప్పుడు మా చిన్న మేనత్త కొడుకును ఎవరూ అడగలేదు. వాడు సూరత్‌లో ఉన్నాడని తెలుసు. నంబరు కోసం మా అమ్మను అడిగాను.

చిక్కడపల్లి_బిడ్డ · మార్చి 29, రాత్రి 9:20

కాగితాలన్నీ వచ్చాయి. పిటిషన్‌లో నలుగురి పేర్లూ రాశాం. చెల్లి వకాలత్ మీద సంతకం పెట్టడానికి శుక్రవారం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతోంది, నాంపల్లిలో దిగుతుంది. హైదరాబాద్ ఇంతకుముందు ఎప్పుడూ రాలేదట. పెద్దబాపు ఫ్లాటులోనే పడుకుంటానంది. ఇవాళ వెళ్లి దుప్పట్లు ఎండలో వేసి, గ్యాస్ సిలిండర్ పెట్టించి వచ్చాను.